బిడ్డ పుట్టాక ఆలుమగలు దూరం కాకుండా ఉండాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్ళల్లో తొలికాన్పుకి అమ్మాయి పుట్టింటికి వెళ్తే తిరిగొచ్చేసరికి మూడో నెలో ఐదో నెలో అవుతుంది, అప్పటికి బిడ్డతో ఆమెకి ఒక అలవాటు కుదిరిపోతుంది, ఆయనేమో ఇంకా ఎత్తుకోవడానికే భయపడుతుంటాడు. దూరం మొదలయ్యేది అక్కడే. అందుకే భర్తలూ, వీలైనప్పుడల్లా మీ అత్తారింటికి వెళ్ళండి, వెళ్ళి చుట్టంలా కూర్చోకండి.

మొదటి వారాల్లో బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది, అంటే తల్లికి రాత్రీ పగలూ నిద్ర ఉండదు. పాలు తాగాక బిడ్డని భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు మెల్లగా తట్టండి, తడిగుడ్డలు మార్చండి, ఆమె మంచం పక్కన చెంబుతో మంచినీళ్ళు పెట్టండి. "ఏం చెయ్యమంటావ్" అని ప్రతిసారీ అడగొద్దు, చెప్పడం కూడా ఆమెకి ఇంకో పనే.

పథ్యం విషయంలో ఇద్దరమ్మలూ చెరో మాట అంటారు. మీ అమ్మకి మీరే చెప్పండి, వాళ్ళమ్మకి ఆమె చెప్పుకుంటుంది. ఇది పాటిస్తే సగం గొడవలు ఉండవు.

కాన్పయిన కొద్ది రోజులకి ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం "అందరూ కనలేదా" అనకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక దగ్గరవడం గురించి. డాక్టర్ సరే అన్నా ఆమె సరే అనేదాకా ఆగండి.