పిల్లల పుట్టినరోజు పార్టీ: రెండు గంటలు గొడవ లేకుండా నడపడం

పిల్లల పుట్టినరోజు అనగానే చాలా ఇళ్లలో ముందు తేలేది థీమ్, దాని రంగులు. నిజానికి ముందు తేలాల్సింది వేళ. ఏ పూట మొదలుపెడతారు, ఎంతసేపు నడుపుతారు అన్నవి ఖాయమైతే పిలిచే పిల్లల సంఖ్య, పెట్టే తిండి, ఆడించే ఆటలు వాటంతట అవే ఒక దారికి వస్తాయి.

మూడేళ్లలోపు పిల్లలకు గంట, మహా అయితే గంటన్నర. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు రెండు గంటలు. ఏడు దాటితే రెండున్నర. ఇంకా సాగదీస్తే చివరి అరగంట ఏడుపులు, కొట్లాటలతోనే గడుస్తుంది. మధ్యాహ్నం నిద్రపోయే వయసైతే లేచిన గంట తర్వాత మొదలయ్యేలా చూడండి. సాయంత్రం నాలుగింటికి పిలిస్తే చిరుతిండి సరిపోతుంది. ఏడింటికి పిలిస్తే భోజనం పెట్టక తప్పదు, పైగా చిన్నవాళ్లు అప్పటికే అలసిపోయి ఉంటారు. పెద్దల వీలు చూసుకుని రాత్రి తొమ్మిదింటికి కేకు కోయించే పార్టీల్లో, ఎవరి పుట్టినరోజో ఆ బిడ్డే ఎవరో ఒకరి భుజం మీద నిద్రపోతూ ఉంటుంది.

ఎంతమందిని పిలవాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది: బిడ్డ వయసుకు ఒకటి కలపండి. నాలుగేళ్ల బిడ్డకు ఐదుగురు, ఆరేళ్ల బిడ్డకు ఏడుగురు. అంతకంటే ఎక్కువమందిని పిలవకూడదని కాదు. పిలిస్తే చూసుకునే పెద్దలూ పెరగాలి. ఐదేళ్లలోపు పిల్లలైతే ముగ్గురు నలుగురికి ఒక పెద్ద మనిషి, పైవాళ్లయితే ఐదారుగురికి ఒకరు. ‘అందరం చూసుకుంటాంలే’ అంటే ఎవరూ చూడరని అర్థం. తలుపు దగ్గర ఒకరు, ఆటలకు ఒకరు, తిండికి ఒకరు, బాత్రూమ్ అడిగిన పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒకరు అని పేర్లతో సహా ముందే పంచుకోండి. క్లాసులో పిల్లల్ని పిలిచేటప్పుడు సగం కంటే తక్కువమందినైనా పిలవండి, లేదా అందరినీ పిలవండి. ఇద్దరు ముగ్గురిని మాత్రం వదిలేస్తే మర్నాడు బడిలో ఆ సంగతి తెలియకుండా ఉండదు.

పిలుపు రెండు మూడు వారాల ముందు వెళ్లాలి. అందులో మొదలయ్యే టైముతో పాటు ముగిసే టైము కూడా రాయండి. అది రాయకపోతే ఆఖరి పిల్లవాడి కోసం వాళ్ల నాన్న ఎప్పుడొస్తాడో అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. తల్లిదండ్రులు ఉండాలా, దింపి వెళ్లవచ్చా, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కూడా రావచ్చా, ఏ తిండైనా పడదా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి. తిండి పడకపోవడం అనేది ‘తినడానికి పేచీ పెడతాడు’ లాంటిది కాదు. వేరుశనగ పడని పిల్లవాడికి, వేరుశనగ ఉన్న కేకును కోసిన కత్తితోనే కోసిన ఇంకో కేకు ముక్క ఇచ్చినా ప్రమాదం రావచ్చు. వస్తామో రామో చెప్పనివాళ్లకు నాలుగు రోజుల ముందు ఫోన్ చేయండి, కేకు ఆర్డరు ఆ లెక్క మీదే ఉంటుంది.

రెండు గంటల పార్టీని ఇలా విడగొట్టుకుంటే ఊపిరి ఆడుతుంది:

మొదటి 20 నిమిషాలు: వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుని చేసుకునే పని
తర్వాతి 40 నిమిషాలు: ఆటలు
తర్వాత 25 నిమిషాలు: చేతులు కడుక్కోవడం, తిండి
ఆపై 15 నిమిషాలు: కేకు
మిగిలిన 20 నిమిషాలు: కథ, తోలుబొమ్మలు, బొమ్మలకు రంగులు వేయడం లాంటి కూర్చునే కార్యక్రమం, వీడ్కోలు

ఇందులో అందరూ వదిలేసేది మొదటి 20 నిమిషాలు. పిల్లలందరూ ఒకేసారి రారు. ముందొచ్చినవాళ్లకు పని లేకపోతే సోఫాలెక్కి దూకుతారు, లేకపోతే అమ్మ చేయి వదలకుండా నిలబడతారు. ఒక బల్ల మీద కాగితం కిరీటాలు, స్టిక్కర్లు, క్రేయాన్లు పెట్టండి చాలు. ఎవరు ఎప్పుడొచ్చినా కూర్చోవచ్చు, ఎక్కడైనా ఆపేయవచ్చు. సిగ్గుపడే పిల్లలకు మాట్లాడకుండానే గుంపులో కలవడానికి అదే దారి. మెరుపుల పొడి, విడి పూసలు మాత్రం వద్దు. మెరుపుల పొడి నెలల తరబడి ఇల్లు వదలదు, పూసలు ముక్కుల్లోకి వెళ్తాయి.

తిన్న వెంటనే గెంతులాటలు పెట్టకూడదు, కారణం చెప్పక్కర్లేదు. కేకును పార్టీ మొదట్లో కోస్తే ఆలస్యంగా వచ్చినవాళ్లకు దక్కదు. మరీ చివర్లో కోస్తే కొందరు అప్పటికే వెళ్లిపోతారు, ఉన్నవాళ్లు ఓపిక నశించి ఉంటారు. మూడొంతుల్లో రెండు వంతుల సమయం గడిచాక అయితే సరిగ్గా ఉంటుంది.

ఆటలు

మూడేళ్లలోపు పిల్లలకు నియమాలున్న ఆటలేవీ పనికిరావు. సబ్బు బుడగలు, మెత్తటి బంతులు, దూరి వెళ్లడానికి రెండు పెద్ద అట్టపెట్టెలు పెట్టి వదిలేయండి. నాలుగైదేళ్ల వాళ్లకు ఒక్కో ఆట పది నిమిషాలు, పెద్దవాళ్లకు 15 నుంచి 20. ఇంకా ఆడాలని అడుగుతుండగానే ఆపి తర్వాతి ఆటకు వెళ్లాలి. విసుగు పుట్టేదాకా ఆగితే మళ్లీ గుంపును కూడగట్టడం కష్టం. అనుకున్నవాటి కంటే రెండు ఆటలు ఎక్కువే సిద్ధంగా ఉంచుకోండి, కనీసం ఒకటి బెడిసికొట్టడం ఖాయం.

కుర్చీలాటలో ఒక లోపం ఉంది. మొదట ఓడిపోయేది సాధారణంగా అందరిలోకీ చిన్నవాడు, ఆట అయ్యేదాకా వాడికి పని ఉండదు. ఏడుపు అక్కడే మొదలవుతుంది. దానికి మంచి మార్పు: ప్రతిసారీ కుర్చీ తీసేయండి, పిల్లల్ని తీయకండి. పాట ఆగేసరికి ఉన్న కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి. చివరికి ఒకే కుర్చీ మీద ఎనిమిది మంది వేలాడుతూ పగలబడి నవ్వుతారు. ప్లాస్టిక్ కుర్చీలు విరుగుతాయి, కాబట్టి కుర్చీల బదులు నేల మీద పరిచిన చాపలు వాడండి. నున్నటి గచ్చు మీద కాగితాలు పరిస్తే మాత్రం కాళ్లు జారతాయి.

పొట్లం అందించే ఆట (పాట ఆగినప్పుడు పొట్లం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఒక పొర విప్పుతారు) నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లకు బాగా నప్పుతుంది. పదిమంది పిల్లలైతే పాత పేపర్లతో 12 పొరలు చుట్టండి. ప్రతి పొరలో ఒక స్టిక్కరో రబ్బరో పెట్టి, ఒక్క చిన్న టేపు ముక్కతో అతికించండి. టేపు ఎక్కువైతే ఒక్కో పొర విప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, మిగతావాళ్లు లేచిపోతారు. పాట ఆపేవాళ్లు పిల్లల వైపు చూస్తూ నిలబడి అందరికీ ఒక్కో వంతు వచ్చేలా ఆపాలి. ఇది మోసమే, చేయాల్సిన మోసం.

దాచిన వస్తువులు వెతికే ఆటలో చురుకైన ఇద్దరే అన్నీ ఏరుకుంటారు. ఒక్కో పిల్లకు ఒక్కో రంగు కేటాయించి, ఆ రంగువి ఐదేసి దాచండి. తన రంగు కానిది కనిపిస్తే నోరు మెదపకుండా వదిలేయాలని చెప్పండి (మెదుపుతారు, ఫరవాలేదు). ఎక్కడెక్కడ దాచారో ఒక కాగితం మీద రాసుకోకపోతే ఆఖరి రెండూ మీకే దొరకవు.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు పై ఆటలు చంటిపిల్లల ఆటల్లా కనిపిస్తాయి. వాళ్లను జట్లుగా చేసి, టైము పెట్టి, ఏదైనా కట్టమనండి: 20 పేపర్లు, ఒక టేపు చుట్టతో ఎవరు ఎత్తైన బురుజు నిలబెడతారో చూడండి. జట్లు మీరే చేయండి. వాళ్లకు వదిలితే ఎవరూ కోరుకోని పిల్లవాడు ఒకడు మిగులుతాడు.

మేజిక్ షో ఐదేళ్లు దాటాకే, అదీ అరగంట చాలు. పెద్ద తలకాయ మాస్కులు వేసుకున్న మనుషుల్ని చూసి చిన్నపిల్లలు జడుసుకుంటారు. గాలి నింపిన గెంతుల కోట తెప్పిస్తే అన్ని మూలలూ నేలకు గట్టిగా కట్టారో లేదో చూడండి. గంటకు 38 కిలోమీటర్లు మించి గాలి వీస్తుంటే దాన్ని వాడకూడదు. ఎక్కే పిల్లలు ఒకే ఈడువాళ్లై ఉండాలి, పక్కన ఒక పెద్ద మనిషి కదలకుండా ఉండాలి.

కేకు, కొవ్వొత్తులు, తిండి

కిలో కేకు 80 నుంచి 100 గ్రాముల చొప్పున పది పన్నెండు ముక్కలవుతుంది. చిన్నపిల్లలు 60 గ్రాములు మించి తినరు, కాబట్టి పదిమంది పిల్లలు, ఐదుగురు పెద్దలు ఉంటే కిలోన్నర తెప్పిస్తే మిగులుతుంది కూడా. కారులో తెచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకోవద్దు. ఒళ్లు ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది, పైగా వేడి. సీటు ముందు నేల మీద సమంగా పెట్టి ఏసీ వేయండి. క్రీమ్ కేకును కోసే పది నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీస్తే చాలు. వెన్నతో చేసిన గట్టి క్రీమ్ అయితే అరగంట ముందు తీయాలి, లేకపోతే ముక్క నోట్లో గడ్డలా తగులుతుంది. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్కో కోతకూ మళ్లీ ముంచితే ముక్కలు చెదరవు. అంతస్తుల కేకుల్లో, పైన బొమ్మలున్న కేకుల్లో లోపల పుల్లలు గుచ్చి ఉంటాయి. ఎన్ని ఉన్నాయో బేకరీవాళ్లను అడిగి, పంచేముందు లెక్కపెట్టి తీయండి. బిడ్డ మొహాన్ని సరదాకి కేకులోకి నొక్కడం ఎంత ప్రమాదమో ఆ పుల్లల్ని చూస్తే అర్థమవుతుంది.

కొవ్వొత్తులు వెలిగించేముందు ఫ్యాన్ ఆపండి. వినడానికి చిన్న విషయమే, అయినా ప్రతిసారీ మూడో కొవ్వొత్తి వెలిగించాకే గుర్తొస్తుంది. మధ్యవి ముందు, అంచులవి తర్వాత వెలిగిస్తే చేయి కాలదు. బిడ్డ జుట్టు వెనక్కి కట్టి, కాగితం కిరీటం తీసేయండి. నురగ స్ప్రేలను కొవ్వొత్తి ఆరేదాకా ఎవరి చేతికీ ఇవ్వవద్దు. చాలా డబ్బాల్లో నురగను తోసే గ్యాసు మండే రకం, మంట దగ్గర కొడితే క్షణంలో భగ్గుమంటుంది. చిటపటలాడే నిప్పురవ్వల కొవ్వొత్తులూ ఇంట్లో వద్దు. ఆరినట్టు కనిపించినా దాని తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పిల్లలు ముందు ముట్టుకునేది దాన్నే. ఊదితే ఉమ్మి పడుతుందన్న బెంగ ఉంటే కొవ్వొత్తిని పక్కన ఒక చిన్న కప్ కేకు మీద గుచ్చండి, పెద్ద కేకు శుభ్రంగా ఉంటుంది.

తిండి విషయంలో ఎక్కువ రకాలు దండగ. చేత్తో పట్టుకుని రెండు మూడు కొరుకుల్లో తినగలిగినవి మూడు రకాలు, ఒక పండు చాలు. ఐదేళ్లలోపు వాళ్లుంటే ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయండి. గుండ్రటి పండు గొంతులో బిరడాలా పడుతుంది. గింజపప్పులు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు ఆ వయసు వాళ్ల పళ్లెంలో ఉండకూడదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె చుక్క కూడా నాకించవద్దు. కూర్చోబెట్టే తినిపించండి, నోట్లో పెట్టుకుని పరిగెత్తడమే పొలమారడానికి అసలు దారి. వండినవి, క్రీమువి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజైతే గంటే. గ్లాసుల మీద పేర్లు రాసి సగం వరకే నింపండి.

బెలూన్లు

హీలియం నింపిన మామూలు 12 అంగుళాల రబ్బరు బెలూను సగం రోజు పైగా తేలుతుంది, మర్నాటికి నేల మీదే. కాబట్టి దాన్ని ఆ రోజే నింపించాలి. మెరిసే ఫాయిల్ బెలూన్లు కొన్ని రోజులు ఉంటాయి. గోడకు అతికించేవైతే హీలియం అక్కర్లేదు, ముందు రోజు రాత్రి చేతి పంపుతో నింపవచ్చు. నిండా ఊదకుండా 12 అంగుళాలదాన్ని పది, పదకొండు దగ్గర ఆపితే ఎండకీ వేడికీ టపటపా పేలవు. తేలే బెలూన్లు చవగ్గా ఇస్తామంటే లోపల ఏ గ్యాసో అడగండి. హైడ్రోజన్ అయితే కొవ్వొత్తి ఉన్న గదిలోకి రానివ్వకండి.

పుట్టినరోజు బిడ్డ

ముందు రోజు కూర్చోబెట్టి ఏం జరగబోతోందో వరసగా చెప్పండి: ఎవరొస్తారు, అందరూ కలిసి గట్టిగా పాడతారు, తర్వాత నువ్వు ఊదాలి. గుంపంతా ఒక్కసారి గొంతెత్తి పాడితే బెదిరి ఏడ్చే పిల్లలు తక్కువేం కాదు. పంచుకోవడం ఇష్టంలేని రెండు మూడు బొమ్మల్ని తనే ఎంచుకుని బీరువాలో పెట్టనివ్వండి. సగం తగాదాలు రావు. పార్టీకి ముందు కాస్త తినిపించండి, హడావుడిలో ఎలాగూ తినదు. ఒక గదిలో పాటలు వినపడకుండా, లైటు తగ్గించి ఉంచితే ఉక్కిరిబిక్కిరైన ఏ పిల్లైనా పది నిమిషాలు అక్కడ కూర్చుంటుంది. చేయి చాచినంత దూరంలో ఉన్నవాళ్లతో అరిచి మాట్లాడాల్సి వస్తుంటే స్పీకరు తగ్గించాలన్నమాట.

రిటర్న్ గిఫ్టులు అందరికీ ఒకటే రకం, పిలిచినవాళ్ల కంటే రెండు ఎక్కువ. మూడేళ్లలోపు వాళ్లకు ఇచ్చేదాంట్లో టాయిలెట్ పేపర్ గొట్టంలోంచి దూరిపోయే భాగం ఏదీ ఉండకూడదు. వెలుగుతూ మెరిసే చవక బొమ్మల్లో బటన్ బ్యాటరీ ఉంటుంది. మూత స్క్రూతో బిగించి లేకపోతే కొనకండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు.

చివరి నిమిషంలో వెతుక్కునేవి ఎప్పుడూ అవే: అగ్గిపెట్టె, కేకు కత్తి, కత్తెర, టేపు, చెత్త సంచులు, టిష్యూలు, స్పీకరు చార్జరు. వీటిని ముందు రోజే ఒక డబ్బాలో వేసి పైన పెట్టేయండి. పక్కనే గాయాల మందు, బ్యాండేజీ. బాల్కనీ తలుపు, మేడమెట్లు, నీళ్ల తొట్టి మూత, వీధి గేటు పిల్లలు రాకముందే ఒకసారి చూసుకోండి. పెంపుడు కుక్క ఎంత నెమ్మదస్తురాలైనా ఆ పూట వేరే గదిలో ఉండటమే దానికీ సుఖం. వెళ్లేటప్పుడు ఏ పిల్లను ఎవరు తీసుకెళ్లారో తలుపు దగ్గరున్న మనిషి కాగితం మీద టిక్కు పెట్టాలి. ఫోటోలు ఆన్‌లైన్లో పెట్టేముందు అందులో ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని అడగండి.

ఇల్లు సర్దడం మర్నాటికి వదిలేసినా ఒక్కటి మాత్రం ఆ రాత్రే చేయండి: పేలిన బెలూన్ ముక్కల్ని, ఊదని వాటిని ఏరి చెత్తలో వేయండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలెవరికైనా అవి గొంతుకు అడ్డం పడవచ్చు, పాకే బిడ్డ ఉంటే సోఫా కింద కూడా చూడండి.