ఈస్టర్‌కి పళ్లెంలో ఖాళీ సమాధి తోట, ఉల్లిపొట్టు గుడ్లు: ఎలా చేయాలి?

క్రిస్మస్‌కి స్టార్ కడతాం, పశువుల పాక పెడతాం. ఈస్టర్‌కి మాత్రం మన ఇళ్లలో పెద్దగా అలంకరణ ఉండదు. గుడ్ ఫ్రైడే నాడు క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో పూలు, కొవ్వొత్తులు, ఆ తర్వాత ఇంట్లో భోజనాలు. యేసు సిలువ మీద చనిపోయి, సమాధి నుంచి తిరిగి లేచిన ఆ వారమంతా ఏం జరిగిందో పిల్లలకి కళ్లకు కట్టినట్టు చూపించాలంటే ఒక పళ్లెం, గుప్పెడు మెంతులు చాలు. కొనుక్కొచ్చిన ఏ తోరణం కన్నా నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే పిల్లలు దీనికోసం వారం రోజులు ఎదురుచూస్తారు.

మట్టల ఆదివారం నాడు మొదలుపెట్టండి. 2027లో ఈస్టర్ మార్చి 28న, అంటే విత్తేది 21న. ముందురోజు రాత్రే మెంతులు నానబెట్టుకోవాలి. పూలకుండీ కింద పెట్టే పళ్లెంలో రెండు అంగుళాల మందాన మట్టి పోయండి. మట్టి టీ కప్పును ఒక పక్కన అడ్డంగా పడుకోబెట్టి, మూతి మాత్రం కనబడేలా పైన మట్టి కప్పండి. అదే సమాధి గుహ. చుట్టూ మెంతులు ఒత్తుగా చల్లి, పైన పలచగా మట్టి జల్లండి. కొన్ని ఆవాలు కూడా కలపండి. యేసు చెప్పిన ఆవగింజంత విశ్వాసం అన్న మాట పిల్లలకి అప్పుడే చెప్పొచ్చు. ధనియాలు వద్దు, అవి మొలిచేసరికి పండుగ వెళ్లిపోతుంది.

మన ఎండలకి మట్టి గంటల్లో ఆరిపోతుంది. మొలక కనబడే దాకా తడిబట్ట కప్పి ఉంచండి, పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించండి. కుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకి చేరతాయి. మొలకలు వచ్చాక వెలుతురు తగిలే కిటికీ దగ్గర పెట్టండి.

శుక్రవారం ఆరాధన నుంచి వచ్చాక కొత్త చీపురు పుల్లలు విరిచి, దారంతో కట్టి మూడు సిలువలు చేసి గుహ పైన గుచ్చండి. తెల్లటి నూలుగుడ్డ ముక్కను చుట్టి లోపల పెట్టి, గుండ్రటి రాయితో మూతి మూసేయండి.

శనివారం గుడ్ల పని. గ్రీసు దేశంలో పెద్ద గురువారం నాడు, అంటే ఈస్టర్‌కి ముందు గురువారం, గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, అది క్రీస్తు రక్తానికి గుర్తు. సంప్రదాయంగా ఆ రంగు ఉల్లిపొట్టు నుంచి కూడా తీస్తారు. పది ఉల్లిపాయల పొట్టు కావాలి. ఇంట్లో అంత లేకపోతే కూరగాయల కొట్టులో అడగండి, బస్తా అడుగున బోలెడు ఉంటుంది. లీటరు నీళ్లలో అరగంట మరిగించి, చల్లార్చి, వడగట్టి, రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. వెనిగర్‌లోని పులుపు వల్ల పెంకుకి రంగు బాగా పడుతుంది.

ఇప్పుడు అసలు అందం. తెల్ల పెంకున్న పచ్చి గుడ్డు మీద తడిపిన కొత్తిమీర ఆకు ఒకటి పరిచి, పాత పలచటి సాక్సు ముక్కతో బిగించి దారం కట్టండి. ఆకు ఎక్కడా లేవకూడదు, లేస్తే రంగు కిందికి చేరి అచ్చు చెదిరిపోతుంది. చల్లటి రంగునీళ్లలో గుడ్లు పెట్టి స్టవ్ వెలిగించండి. మరుగు వచ్చాక పన్నెండు నిమిషాలు ఉంచి దించండి. చల్లారాక సాక్సు విప్పి ఆకు తీస్తే ఇటుక ఎరుపు మీద కొత్తిమీర రంపపు అంచులతో సహా లేత రంగులో కనబడుతుంది. చుక్క నూనె రాస్తే మెరుస్తుంది. పసుపు రంగు కావాలంటే ఉల్లిపొట్టు బదులు రెండు చెంచాల పసుపు. ఉడికిన గుడ్లు రాత్రికి ఫ్రిజ్‌లోనే ఉండాలి. బయటపెట్టాక రెండు గంటల్లో తినేయండి.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే, సమాధుల తోటకి బయలుదేరే ముందు పిల్లల్ని లేపి వాళ్ల చేతే రాయి దొర్లించండి. ఆ సరికి చుట్టూ మెంతి మొలకలు పచ్చగా లేచి ఉంటాయి. లోపల మనం పెట్టిన తెల్లగుడ్డ మాత్రమే కనబడాలి, యేసు లేచాక ఖాళీ సమాధిలో మిగిలిన నారబట్టల్లాగా.