ఇంగ్లిష్ పదాలు, అలంకారాలు: పిల్లలు ఎక్కడ చిక్కుకుంటున్నారు, ఎలా బయటపడాలి

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఇంగ్లిష్ పేపర్లలో పదేపదే కనిపించే తప్పులివి. మీ అబ్బాయి నోట్సో, అమ్మాయి స్లిప్ టెస్ట్ పేపరో పక్కన పెట్టుకుని, ఏ లక్షణం కనిపిస్తే ఆ భాగం చదువుకోండి. ట్యూషన్ మార్చే ముందే ఈ పని చేయండి. మా గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్లినా ట్యూషన్ బోర్డు కనిపిస్తుంది. కారణం తెలుసుకోకుండా మారిస్తే ఫీజు తప్ప ఇంకేమీ మారదు.

లక్షణం: రాత్రి గడగడా అప్పజెప్పాడు, పరీక్షలో ఒక్కటీ గుర్తు రాలేదు

జ్ఞాపకశక్తిని అనుమానించకండి. పదాన్ని, దాని అర్థాన్ని పక్కపక్కనే పెట్టుకుని చదువుతుంటే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్షలో అర్థం పక్కన ఉండదు కదా. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తనే బట్టీ పట్టి, ఎంత గుర్తుందో కొలిచి 1885లో ప్రచురించాడు. నేర్చుకున్న తొలి గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుందని, ఆ తర్వాత మరుపు వేగం తగ్గుతుందని అందులో తేలింది.

కాబట్టి పేజీని నిలువుగా మడిచి, ఎడమవైపు పదం, కుడివైపు అర్థం రాయించండి. కుడివైపు మూసి చెప్పమనండి. మర్నాడు ఒకసారి, రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి. తప్పినవి ఎక్కువసార్లు అడగాలి, వచ్చినవాటినీ మధ్యమధ్యలో అడుగుతుండాలి. పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే స్పెల్లింగ్ కొంత కుదురుతుందేమో కానీ, అర్థం మాత్రం అలా నిలవదు.

లక్షణం: అర్థం తెలుసు, వాక్యం రాస్తే తప్పు

‘పెద్ద వాన’ను ‘బిగ్ రెయిన్’ అని, ‘జ్వరం వచ్చింది’ని ‘ఫీవర్ కేమ్ టు మీ’ అని రాస్తున్నారంటే కారణం ఒకటే. పదానికి తెలుగు అర్థం నేర్చుకున్నారు, దాని పక్కన ఏ పదం వస్తుందో నేర్చుకోలేదు. ఇంగ్లిష్‌లో వాన ‘హెవీ’గా పడుతుంది, గాలి ‘స్ట్రాంగ్’గా వీస్తుంది, జ్వరాన్ని మనం ‘హ్యావ్’ చేస్తాం. ‘డిస్కస్ అబౌట్’ కూడా ఈ కోవలోదే. తెలుగులో ‘గురించి’ ఉంది కాబట్టి అక్కడా ‘అబౌట్’ తగిలిస్తారు. ‘డిస్కస్’కు అది అక్కర్లేదు.

నోట్సులో ‘హెవీ’ అని ఒంటరిగా రాయించకండి. ‘హెవీ రెయిన్, హెవీ ట్రాఫిక్’ అని జంటగా రాయించండి. ఇందుకు ఒక్కో పదానికి ఒక్కో అర్థం ఇచ్చే పాకెట్ డిక్షనరీ చాలదు, ఉదాహరణ వాక్యాలుండే లెర్నర్స్ డిక్షనరీ కావాలి. కొత్తదే కొనక్కర్లేదు. విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో వెతకండి. పాత ఎడిషనైనా స్కూలు అవసరానికి సరిపోతుంది.

లక్షణం: వ్యతిరేక పదాల్లో ‘అన్’, ‘ఇన్’ తారుమారు

ఇది చిన్న సమస్యే. ‘ఇన్’ తన తర్వాతి అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది: ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. ‘అన్’ మాత్రం ఎక్కడైనా ‘అన్’గానే ఉంటుంది: అన్‌పాపులర్, అన్‌లాఫుల్, అన్‌రియల్. ఏ పదానికి ఏది వస్తుందో వాడుక వల్లే తెలియాలి. ముందు ‘ఇన్’ కనిపించినంత మాత్రాన వ్యతిరేకార్థం కాదని కూడా చెప్పండి. పెట్రోల్ ట్యాంకర్ మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంటే సులువుగా మంటంటుకుంటుందని అర్థం. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే చాలా విలువైనది.

లక్షణం: ‘లైక్’ కనిపిస్తే చాలు, సిమిలీ అని రాసేస్తున్నారు

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే అని నా అనుమానం. సిమిలీ అంటే ఇది దానిలా ఉందని పోల్చి చెప్పడం, మెటఫర్ అంటే ఇదే అది అని చెప్పేయడం. ‘లైక్, యాజ్ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్’ అని ఎవరో షార్ట్‌కట్ చెప్పి ఉంటారు. పిల్లలు వాక్యాన్ని చదవడం మానేసి ఆ రెండు మాటల కోసం వెతుకుతారు. మన గుంటూరు మిర్చి యార్డు మీద ఈ నాలుగు వాక్యాలు ఇచ్చి చూడండి:

‘ద యార్డ్ లుక్డ్ లైక్ ఎ రెడ్ సీ.’
‘ద యార్డ్ వాజ్ ఎ రెడ్ సీ.’
‘ద యార్డ్ సెల్స్ వెరైటీస్ లైక్ తేజ.’
‘హి వర్క్స్ యాజ్ ఎ క్లర్క్ ఇన్ ద యార్డ్.’

షార్ట్‌కట్ నమ్ముకున్నవాళ్లు మొదటిది, మూడోది, నాలుగోది సిమిలీ అంటారు. నిజానికి మొదటిదొక్కటే. మూడోదాంట్లో ‘లైక్’ అంటే ‘వంటివి’ అని ఉదాహరణ చెప్పడం, నాలుగోదాంట్లో ‘యాజ్’ అంటే ఉద్యోగం. పోలికే లేదు. ‘హి లుక్స్ లైక్ హిజ్ ఫాదర్’ ఇంకో ఉచ్చు. అందులో పోలిక ఉంది కానీ అది ఉన్నమాట, కవి కల్పన కాదు. కాబట్టి సిమిలీ కాదు.

దీనికి మందు పిల్లల బ్యాగులోనే ఉంది. తెలుగు నోట్సు తీయించండి. ఉపమాలంకారం పాఠంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు నేర్చుకునే ఉంటారు. ఇంగ్లిష్ వాక్యానికీ అవే ప్రశ్నలు వేయమనండి. దేన్ని పోలుస్తున్నారు? యార్డును. దేనితో? సముద్రంతో. రెండింటికీ ఉమ్మడి గుణం? పరుచుకున్న తీరు. పోలికను చెప్పే మాట? ‘లైక్’. ‘వెరైటీస్ లైక్ తేజ’ దగ్గర రెండో ప్రశ్నకే జవాబు ఉండదు. రెండో వాక్యంలో పోలిక మాట లేదు, యార్డే సముద్రమైపోయింది. అది రూపకం, ఇంగ్లిష్‌లో మెటఫర్. తెలుగు పీరియడ్‌లో టకటకా చెప్పే పిల్లలే ఇంగ్లిష్ పీరియడ్‌లో బిక్కమొహం వేయడం చూస్తుంటాం. రెండూ ఒకటేనని చెప్పినవాళ్లు లేకపోవడమే కారణం.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. తెలుగులో ‘అన్నట్లుగా ఉంది’ అని ఊహిస్తే ఉత్ప్రేక్ష అని వేరే పేరు పెడతాం. ఇంగ్లిష్‌లో ‘యాజ్ ఇఫ్’ను స్కూలు స్థాయిలో సిమిలీ కిందే వేస్తారు.

లక్షణం: అలిటరేషన్‌లో అక్షరాలు లెక్కపెడుతున్నారు

అలిటరేషన్ అంటే దగ్గరదగ్గర మాటలు ఒకే ధ్వనితో మొదలవడం. అది చెవికి సంబంధించినది, కంటికి కాదు. ‘సిటీ’, ‘కప్’ రెండూ ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలైనా ధ్వని వేరు. ‘ఫోన్’, ‘ఫిష్’ వేర్వేరు అక్షరాలతో మొదలైనా ధ్వని ఒకటే. ఆ లైనును తెలుగు లిపిలో రాయిస్తే చాలు. మన లిపి పలికినట్టే రాస్తుంది కాబట్టి సంగతి వెంటనే బయటపడుతుంది. రైమ్‌కూ ఇదే పరీక్ష. స్పెల్లింగ్ చివర ఒకేలా ఉండే రెండు మాటలు తెలుగులో ‘దో’, ‘టఫ్’ అని తేలితే అక్కడ రైమ్ లేదు. రైమ్ మన అంత్యానుప్రాస లాంటిది. పద్యంలో రెండో అక్షరానికి చూసే ప్రాసతో కలపకండి.

లక్షణం: విషాదం కనిపిస్తే ఐరనీ అంటున్నారు

విషాదమో, అనుకోనిదో జరిగితే చాలు ఐరనీ అనుకుంటారు. అది చాలదు. అనుకున్నదానికి సరిగ్గా తలకిందులుగా జరగాలి. హెల్మెట్ అవగాహన సభలో మాట్లాడడానికి హెల్మెట్ లేకుండా బండి మీద వచ్చిన వక్తది ఐరనీ. దారిలో ఆ బండి పంక్చరైతే అది ఉత్త ఖర్మ. మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ బస్టాండులో దిగి ‘అబ్బ, ఎంత చల్లగా ఉందో!’ అంటే మాటల్లో ఐరనీ.

డ్రమాటిక్ ఐరనీకి ఉత్తర కుమారుణ్ని మించిన ఉదాహరణ లేదు. తగిన సారథి దొరికితే కౌరవుల్ని ఓడించేస్తానని అంతఃపురంలో కోతలు కోశాడు. సారథిగా వచ్చిన బృహన్నల అర్జునుడని మనకు తెలుసు, అతనికి తెలియదు. పాత్రకు తెలియనిది చదివేవాడికి తెలియడమే ఇక్కడ కీలకం. ఈ కథ చెప్పాక పేరు మర్చిపోయినవాళ్లున్నారు కానీ, విషయం మర్చిపోయినవాళ్లను చూడలేదు.

లక్షణం: థీమ్ అడిగితే కథంతా రాస్తున్నారు

కథలోని పేర్లు, ఊళ్లు, సంఘటనలు లేకుండా ఒక్క వాక్యం రాయమనండి. పేరు దొర్లిందంటే అది ఇంకా కథే, కొట్టేసి మళ్లీ రాయాలి. ‘ఫ్రెండ్‌షిప్’ అని ఒక్కమాట రాస్తే అది టాపిక్ మాత్రమే. ఆ స్నేహం గురించి కథ ఏమంటోందో కూడా రాసినప్పుడే జవాబు పూర్తవుతుంది.