పాత చిత్రిక, పాత ఉలి: ఫోన్‌లో చూసి కొనడం, ఇంటికి తెచ్చి బాగుచేయడం

పాత వడ్రంగి సామాను ఆన్‌లైన్‌లో చూసేవాళ్లు తుప్పు కనబడగానే వెనక్కి తగ్గుతారు. భయపడాల్సింది పగులుకి. పైపైన ఉన్న తుప్పు ఒక పూటలో వదులుతుంది, పోత ఇనుము పగిలితే మాత్రం ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే వైర్ బ్రష్ కొట్టి నల్లరంగు పూసి తళతళలాడించిన చిత్రిక కన్నా, తుప్పుతో ఉన్నదున్నట్టు ఫొటో పెట్టిందే మేలు. రంగు కింద ఏముందో ఫొటోలో తెలియదు కదా.

కోనసీమలో మండువా ఇళ్లు విప్పేటప్పుడు, పెద్ద వడ్రంగుల పెట్టెలు ఖాళీ చేసేటప్పుడు బయటికొచ్చేవి ఎక్కువగా చెక్క చిత్రికలు, ఉలులు, బాడిసలు. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఇనప చిత్రికలు కూడా కనిపిస్తాయి: స్టాన్లీ, షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్, మన దేశపు అనంత్. వీటి కొలతలు దాదాపు ఒకటే. 4వ నంబరు పది అంగుళాలకు కాస్త తక్కువ, 5వ నంబరు 14 అంగుళాలు, రెండింటికీ బ్లేడు వెడల్పు 2 అంగుళాలు. మొదట ఒక్కటే కొనేవాళ్లు 5 తీసుకోవాలి. గరుకు చెక్కను దించడానికీ, తలుపు అంచు సరిచేయడానికీ అదే సరిపోతుంది.

డబ్బు మాట ఎత్తకముందే నాలుగు ఫొటోలు అడగండి: అడుగు మొత్తం, నోటి (బ్లేడు బయటికొచ్చే సందు) మూలలు దగ్గరగా, రెండు పక్కలు, విప్పిన బ్లేడు స్కేలు పక్కన పెట్టి. పగులు సాధారణంగా నోటి మూల నుంచి మొదలై పక్క గోడ మీదికి ఎక్కుతుంది. అక్కడ పసుపురంగు గీత కనిపిస్తే ఇత్తడితో అతికించారని అర్థం, వదిలేయండి. బ్లేడులో గాడి కింద అంగుళమైనా ఉక్కు మిగిలి ఉండాలి. స్క్రూలన్నీ ఉన్నాయో లేదో రాతలో అడగండి. పాత స్టాన్లీ మరలు మామూలు మరలు కావు. రాజమండ్రిలోనైనా భీమవరంలోనైనా హార్డ్‌వేర్ షాపులో అడిగితే దొరికేవి అందులో పట్టవు. బ్లేడు పోతే కొత్తది కొనుక్కోవచ్చు, స్క్రూ పోతే దానికోసం ఇంకో చిత్రిక కొనాల్సి రావచ్చు.

అమ్మేవాళ్లు కాకినాడలోనో అమలాపురంలోనో ఉంటే వెళ్లి చూడటమే మంచిది. విడిభాగాలన్నీ తీసేసి, ఇనప దిమ్మను వేలికి వేలాడదీసి చెక్కముక్కతో తట్టండి. ఖంగుమంటే బాగుంది, మొద్దుగా మోగితే పగులుంది. పార్సిల్‌లో వచ్చేదైతే బ్లేడు, దాని మీద బిగించే పై రేకు, వెనక పిడి విప్పి విడివిడిగా చుట్టమనండి. 5వ నంబరు రెండు కిలోలు దాటుతుంది. కింద పడితే ముందు విరిగేది పిడి, ఆ తర్వాత నోరు. చూడకుండా పూర్తి అడ్వాన్సు అడిగేవాళ్ల జోలికి వెళ్లొద్దు.

సామాను ఇంటికి వచ్చాక తుప్పు పని. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. ముందు గ్రీజు డీజిలుతో తుడిచేయాలి, లేకపోతే ఆ చోట నీళ్లు అంటవు. వస్తువు మొత్తం మునగాలి. సగం బయట ఉంటే నీటిమట్టం దగ్గర గీతలాగా తినేస్తుంది. గంటకోసారి తీసి బ్రష్‌తో రుద్దండి. దిమ్మకు అరపూట పట్టొచ్చు గానీ బ్లేడు, ఉలి రెండు మూడు గంటలకు మించి ఉంచకూడదు, అంచు తినేస్తుంది. బ్లేడును ముందుకూ వెనక్కూ జరిపే ఇత్తడి చక్రం ఇందులో వేయొద్దు, ఎర్రబారుతుంది. దానికి చింతపండు చాలు. తీశాక మంచినీళ్లతో కడిగి, చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, తుడిచి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి నూనె రాయండి. మన గాలిలో పది నిమిషాలు అశ్రద్ధ చేసినా మళ్లీ కాషాయరంగు పొర కడుతుంది. కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి ఉంది గానీ, ఒకటి రెండు వస్తువుల కోసం ఆ హడావుడి అనవసరం.

అడుగు సరిచేయడానికి గ్రానైట్ షాపులో పారేసే నున్నటి ముక్క, లేదా 10 మిల్లీమీటర్ల అద్దం, దానిమీద 80 నంబరు ఎమరీ పేపరు. బ్లేడు తీసేయొద్దు. లోపలికి లాగి, బ్లేడును నొక్కిపట్టే పై బిగింపు మామూలుగా బిగించే రుద్దాలి, ఎందుకంటే ఆ బిగువుకే అడుగు కొంచెం వంగుతుంది. మార్కర్‌తో అడ్డగీతలు గీసి రుద్దండి. ముందుకొస, నోటి చుట్టూ, వెనకకొస గీతలు చెరిగితే చాలు. మధ్యలో పల్లం మిగిలినా పనికేమీ అడ్డు రాదు. అడుగంతా అద్దంలా మెరవాలని రుద్దుతూ కూర్చోవడం వృథా శ్రమ.

పదును దగ్గర మాత్రం తొందరపడొద్దు. బ్లేడుకైనా ఉలికైనా ముందు చదునుగా ఉన్న ముఖం, అదీ అంచు దగ్గర అంగుళం మేర, వాటర్ పేపరు మీద 240, 400, 1000 వరుసలో సాఫు చేయాలి. ఆ అంగుళంలో లోతైన తుప్పు గుంటలుంటే ఎంత నూరినా అంచు పళ్లుపళ్లుగానే వస్తుంది. అందుకే కొనేటప్పుడు ఆ ముఖం ఫొటో తప్పనిసరి. తర్వాత ఏటవాలు: 25 డిగ్రీలు నూరి, కొసన మాత్రం 30. కోణం కొలిచే పరికరం లేకపోతే మందంతో లెక్కేయండి. ఏటవాలు పొడవు మందానికి రెండింతలైతే 30 డిగ్రీలు, రెండున్నర కన్నా కాస్త తక్కువైతే 25. అంచు విరిగి ఉంటేనే గ్రైండర్ ఎక్కించండి, రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూ. ఉక్కు నీలంగా మారిందంటే ఆ చోట మెత్తబడిపోయినట్టే, ఆ నీలం దాటేదాకా అరగదీయాల్సిందే. పాత ఉలి మీద అనుమానముంటే ఆకురాయి ఆడించండి. జారితే గట్టిగా ఉంది, కొరికితే కాలిపోయింది.

పై రేకు బ్లేడును తాకే చోట వెలుతురు కనబడకూడదు. సందుంటే పొట్టు అందులో ఇరుక్కుని చిత్రిక ఆగిపోతుంది. గరుకు పనికి రేకును అంచుకు ఒక మిల్లీమీటరు వెనక, నున్నని పనికి అందులో సగం కన్నా తక్కువ దూరంలో బిగించండి.

రంపం గురించి చెప్పేది తక్కువ: కంటికి ఆనించి పొడవునా చూడండి, రేకు మడత పడి ఉంటే కొనొద్దు. పళ్ల మొదట్లో గుంటలున్నా అంతే, సెట్టు పెట్టేటప్పుడు (పళ్లను అటూ ఇటూ వంచేటప్పుడు) పళ్లు ఊడతాయి.

పిడి మార్చాలంటే బాగా ఎండిన తుమ్మ వాడండి, బిగింపు మేనెలలో చేయండి. వానల్లో ఉబ్బిన చెక్కతో చేసిన పిడి వేసవికి వదులవుతుంది. ఇనుముకి కుట్టుమిషను నూనె పలచగా రాయాలి. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె జిగురు కడతాయి. తుమ్మ పచ్చిపొట్టు చిత్రిక మీద రాత్రంతా ఉంటే నల్ల మచ్చ పడుతుంది, పని అవగానే దులపండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో వానాకాలమంతా వారానికోసారి నూనెగుడ్డతో తుడవక తప్పదు. చెక్క చిత్రికలో బ్లేడును బిగించే చెక్క మేకును మాత్రం ఆ నెలల్లో వదులుగా ఉంచండి. ఉబ్బితే పక్కగోడలను చీల్చేస్తుంది.