టిప్పర్‌కి డిఫ్ లాక్ పడటం లేదా? హౌసింగ్ విప్పే ముందు ఇలా చూడండి

రావులపాలెం దిగువన లంకల్లోకి ఇసుకకి దిగే టిప్పరైనా, మొగల్తూరు వైపు రొయ్యల చెరువు గట్ల మీద మట్టి తోలే బండైనా, వెనక చక్రం ఒకటి బంకమట్టిలో పడితే కథ ఒకటే. ఆ చక్రం గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలదు. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, గుణమే అంత, అడ్డు ఏ వైపు తక్కువుంటే ఆ వైపు తిరగనిచ్చేస్తుంది. డిఫ్ లాక్ వేస్తే రెండు యాక్సిల్ రాడ్లూ ఒకే కడ్డీలా బిగుసుకుని చక్రాలు జంటగా తిరుగుతాయి, బండి పైకొస్తుంది.

ఈ లాక్ వేసేది గాలి. క్యాబిన్‌లో స్విచ్ నొక్కగానే సోలనాయిడ్ వాల్వ్‌కి కరెంటు అందుతుంది. వాల్వ్ తెరుచుకుని ట్యాంకులో గాలి సన్నటి నైలాన్ పైపు గుండా డిఫరెన్షియల్‌ని మూసి ఉంచే హౌసింగ్ మీదున్న చిన్న సిలిండర్‌లోకి పోతుంది. అక్కడ పిస్టన్ ఫోర్కుని తోస్తే, ఫోర్కు పళ్ల స్లీవ్‌ని జరిపి లాక్ వేస్తుంది. స్విచ్ తీసేస్తే ఆ గాలి వాల్వ్ దగ్గర ‘ఫిస్’మని బయటికి పోతుంది, స్ప్రింగు స్లీవ్‌ని వెనక్కి నెట్టేస్తుంది. జీపులకి విడిగా బిగించే ఎయిర్ లాకర్లకి చిన్న 12 వోల్టుల కంప్రెసర్ ఉంటుంది. లోపలి అమరిక వేరే అయినా, లోపం వెతికే దారి దాదాపు ఇదే.

గాలి, కరెంటు, ఇనుము. లాక్ పడలేదంటే తప్పు ఈ మూడింట్లోనే ఎక్కడో ఉంటుంది. మనవాళ్లు మాత్రం ముందు ఇనుము మీదే పడతారు. రెండేళ్ల కిందట మా బావమరిది బండికి లాక్ పడకపోతే తెలిసిన మెకానిక్ ఒకాయన ఏకంగా హౌసింగే విప్పేశాడు. రెండు రోజులు బండి పడుకుంది. లోపల ఫోర్కు బాగుంది, స్లీవ్ బాగుంది. తీరా చూస్తే టైరు చిమ్మిన మట్టి పైపు మీద పెళ్లలు కట్టి, ఆ బరువుకి క్లిప్పు ఊడి, పైపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రాసుకుంటోంది. పైపుకి ఆవగింజంత చిల్లి! అడుగు పైపు ముక్కతో పోయేదానికి రెండు రోజుల కిరాయి పోయింది.

1. ముందు గాలి మీటరు చూడండి

టిప్పర్లలో బ్రేకు ట్యాంకులకి గాలి ఎక్కాకే ప్రొటెక్షన్ వాల్వ్ మిగతావాటికి వదులుతుంది. డిఫ్ లాక్ ఆ మిగతావాటి జాబితాలోది. పొద్దున్నే బండి తీసి, మీటరు 4 కేజీల దగ్గర ఉండగానే స్విచ్ నొక్కి, ‘లాక్ పడట్లేదండీ’ అంటే అది జబ్బు కాదు, తొందర. ఇంజన్ నడిపి గాలి పూర్తిగా ఎక్కనివ్వండి. సాధారణంగా 8 కేజీల చుట్టుపక్కలకి వచ్చాక గాలిలో తేమ తీసే డ్రయ్యర్ ‘భుస్’మని వదులుతుంది. అప్పుడు ఇంజన్ ఆపండి.

పది చక్రాల బండ్లలో రెండు లాకులు ఉండొచ్చు. ఒకటి రెండు యాక్సిల్స్‌నీ కలిపేది, రెండోది కుడి ఎడమ చక్రాల్ని కలిపేది. ఏ స్విచ్ దేనిదో ముందు తేల్చుకోండి. ఒకదానికి బదులు ఇంకోటి నొక్కి తిట్టుకునేవాళ్లని చూశాను.

2. టక్, ఫిస్

దీనికి ఇద్దరు కావాలి. ఖాళీ బండిని గట్టి నేల మీద పెట్టి, ముందు చక్రాలకి రెండు వైపులా చెక్కలు వేసి, హ్యాండ్ బ్రేకు వేయండి. బాడీ లేచి ఉంటే దాని కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు.

క్లీనర్ క్యాబిన్‌లో తాళం ఆన్ చేసి లాక్ స్విచ్ వేస్తూ తీస్తూ ఉంటాడు. మీరు సోలనాయిడ్ వాల్వ్ దగ్గర చెవి పెట్టండి. వేసినప్పుడు ‘టక్’, తీసినప్పుడు ‘ఫిస్’ వినపడాలి. టక్ లేకపోతే కరెంటు లోపం. టక్ ఉండి ఫిస్ లేకపోతే వాల్వ్‌కి గాలి చేరడం లేదు, లేదా వాల్వ్ లోపల పూడుకుపోయింది. రెండూ బాగా వినపడుతున్నా లాక్ పడటం లేదంటే అప్పుడు వాల్వ్ దాటి వెనక్కి వెళ్లండి. నా లెక్కలో ఈ రెండు నిమిషాల పనికి మించిన పరికరం లేదు.

3. కరెంటు

ఫ్యూజు, రిలే చూశాక నేరుగా సోలనాయిడ్ ప్లగ్గు ఊడదీయండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలిలో తిరిగే బండి అయితే పిన్నుల మీద పచ్చగా చిలుము కనపడుతుంది. బ్రేకు పెడల్ మీదో, హెడ్‌లైటు మీదో ఉన్నంత శ్రద్ధ ఈ ప్లగ్గు మీద ఎవరికీ ఉండదు. చిలుము గీకి, టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడండి. లారీల్లో 24 వోల్టులు, జీపుల్లో 12. దీపం మసగ్గా వెలిగితే ఎర్త్ వైరు బిగింపు చూడండి. దీపం బాగా వెలుగుతున్నా వాల్వ్ టక్కుమనకపోతే కాయిల్ కాలిపోయి ఉంటుంది, లేదా లోపల ప్లంజరు పట్టేసి ఉంటుంది. పక్కనే అలాంటి వాల్వే ఇంకోటి ఉంటే ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడండి, సంగతి తేలిపోతుంది.

4. గాలి

ముందు స్విచ్ తీసి ఉంచి వినండి, తర్వాత వేసి వినండి. వేసినప్పుడు మాత్రమే బుసలు వస్తున్నాయంటే లీకు వాల్వ్‌కి అవతల ఉన్నట్టు. పైపు పొడవునా సబ్బు నురగ రాసుకుంటూ వెళ్లండి, ముఖ్యంగా జాయింట్ల దగ్గర, పైపు మలుపు తిరిగే చోట, ఛాసిస్‌కి రాసుకునే చోట. బుడగ లేచిన చోట పైపు కోసి కొత్త ముక్క వేయండి. కోసేటప్పుడు కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే చివర చప్పిడై మళ్లీ లీకవుతుంది. పదునైన బ్లేడుతో వాలు లేకుండా అడ్డంగా కోసి, జాయింట్‌లోకి అడుగు తగిలేదాకా నెట్టి, ఒకసారి లాగి చూడండి.

స్విచ్ వేసి ఉండగా వాల్వ్ ఎగ్జాస్ట్ రంధ్రంలోంచే గాలి ఆగకుండా వస్తుంటే వాల్వ్ సీటులో చెత్త పడింది. హౌసింగ్ గాలి పీల్చి వదిలే బ్రీదర్ రంధ్రంలోంచి గాలి తన్నుతుంటే మాత్రం సిలిండర్ సీలు పోయినట్టే, అప్పుడు మెకానిక్‌ని పిలవాల్సిందే. జీపు లాకర్లలో వాల్వ్ ఎగ్జాస్ట్ నుంచి గేర్ ఆయిల్ చిమ్ముతుంటే అనుమానించాల్సింది లోపలి ఓ రింగుల్ని.

5. లైటుని నమ్మకండి

డ్యాష్‌బోర్డు లైటు వెలిగించేది హౌసింగ్ మీదున్న చిన్న స్విచ్. దాని వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే లాక్ పడకపోయినా లైటు వెలగొచ్చు. వైరు తెగితే లాక్ పడినా వెలగదు. అసలు సంగతి తెలియాలంటే చక్రాన్నే అడగాలి.

వెనక యాక్సిల్‌ని రెండు వైపులా లేపి గట్టి స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ముందు చక్రాల చెక్కలు మరోసారి చూసుకుని హ్యాండ్ బ్రేకు వదిలేయండి, అది వేసి ఉంటే వెనక చక్రాలు తిరగవు. ఇంజన్ ఆపే ఉంచి గేరులో వేయండి. రెండు డ్రైవింగ్ యాక్సిల్స్ ఉంటే వాటిని కలిపే లాక్ కూడా వేయాలి. ఇప్పుడు ఒక చక్రం చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కుకి తిరుగుతుంది, అంటే లాక్ లేదన్నమాట. డిఫ్ లాక్ స్విచ్ వేసి మెల్లగా తిప్పుతూనే ఉండండి. పన్నుకి పన్ను ఎదురొస్తే వెంటనే పడదు, ఒకచోట ‘ఖట్’మని దిగుతుంది. ఆ తర్వాత చక్రం కాస్త ఆడి ఆగిపోవాలి. గాలి నిండుగా ఉన్నా ఆగకపోతే, లేదా లోడు మీద లాక్ పడి జారిపోతుంటే ఫోర్కో పళ్లో అరిగాయి. హౌసింగ్ విప్పడానికి ఇప్పుడు కారణం దొరికింది.

లాక్ ఊడకపోతే

చాలాసార్లు ఇది లోపం కాదు. రెండు రాడ్లూ మెలిపడి పళ్లని బిగబట్టి ఉంటాయి. స్విచ్ తీసి బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ ఆడించండి, స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. అప్పటికీ ఊడకపోతే స్ప్రింగు విరిగి ఉండొచ్చు, ఫోర్కు తుప్పు పట్టి ఉండొచ్చు. లాక్ మీదే తారు రోడ్డెక్కి మలుపు తిప్పితే యాక్సిల్ రాడ్డు విరుగుతుంది. చక్రం గిర్రున తిరుగుతుండగా లాక్ వేసినా పళ్లు రాలతాయి. బండి ఆపి, వేసి, తిన్నగా పోనివ్వాలి.

నీళ్ల సంగతి

ఎండలో తిరిగి కాగిన హౌసింగ్‌ని ర్యాంపు దగ్గర ఏటినీళ్లలోకి దింపితే లోపలి గాలి చప్పున చల్లబడి, బ్రీదర్ గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారిందంటే అదే కారణం. మార్చేసి, బ్రీదర్‌కి గొట్టం తగిలించి ఛాసిస్ పైదాకా లాగి కట్టండి. సాయంత్రం బండి పెట్టేటప్పుడు ట్యాంకుల కింద డ్రెయిన్ వాల్వ్ లాగి నీళ్లు వదిలేయండి. మన దగ్గర గాలిలో తేమకి అవి రోజూ వస్తాయి. వరసగా నాలుగు రోజులు నీళ్లతోపాటు నల్లటి జిడ్డు కూడా వస్తుంటే డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ మార్పించి, కంప్రెసర్ ఆయిల్ తోస్తోందేమో చూపించండి.