డైనింగ్ టేబుల్ కొనేముందు కిందికి వంగి చూడండి

షోరూమ్ లైట్ల కింద ఏ టేబులైనా అందంగానే ఉంటుంది. అమలాపురంలో కొన్నా, భీమవరంలో కొన్నా ముందు అడగాల్సింది ఏం చెక్క, ఎంత ఆరింది, ఎలా బిగించారు అని. మన డెల్టాలో వానాకాలం వస్తే చెక్క గాలిలో తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు మళ్లీ కుంచించుకుంటుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. పైపలకను కదలనివ్వకుండా జిగురు పెట్టి మేకులు దిగ్గొడితే ఏదో ఒక ఏడాది పగులు వస్తుంది.

అందుకే మొహమాటపడకుండా కిందికి వంగి ఫోన్ లైటు వేసి చూడండి. పలకను ఫ్రేముకు పట్టి ఉంచే స్క్రూల బెజ్జాలు గుండ్రంగా కాకుండా కాస్త కోలగా ఉంటే, చెక్క జరగడానికి చోటు వదిలారన్నమాట, ఆ వడ్రంగికి పని తెలుసు. కాళ్లకు కూసం (ఒక చెక్క కొసను చెక్కి రెండో దాని గాడిలో దూర్చే బిగింపు) దింపారా, వట్టి స్క్రూలేనా అని అడగండి. ఒక మూల పట్టుకుని ఐమూలగా తోసినప్పుడు కిర్రుమంటే బిగింపు వదులు.

టేకు అన్నంత మాత్రాన అంతా చేవ, అంటే మాను మధ్యలోని గట్టి చెక్క, కాదు. చేవ బంగారు గోధుమ రంగులో ఉంటుంది, సహజంగా నూనె ఉంటుంది కాబట్టి చెద అంత తొందరగా పట్టదు. అంచున పాలిపోయినట్టుండే తెల్లచెక్కకు ఆ బలం లేదు, ముదురు పాలిష్ వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆర్డరిచ్చి చేయిస్తుంటే పాలిష్ పడకముందే వెళ్లి చూడండి. తేమ మీటరు పెట్టించండి, 12 నుంచి 15 శాతం దాకా ఫరవాలేదు, 20 దాటితే అది పచ్చి కర్ర.

పైన చెక్క చారలు అంచు దగ్గర ఆగిపోయి పక్కన వేరే పట్టీ అతికించి ఉంటే అది వెనీర్, అంటే వేరే పలక మీద అతికించిన పల్చటి చెక్క పొర, అయ్యుండొచ్చు. వెనీర్ తప్పేం కాదు, దానికి టేకు ధర ఇవ్వడమే తప్పు. మామిడి చెక్కవైతే మందు పట్టించారో లేదో కనుక్కోండి, కింద సన్నటి పిండిలాంటి పొడి రాలుతోంటే లోపల పురుగు ఉన్నట్టే.

చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు మాత్రం మన ఇళ్లకు వద్దు, ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ మామూలవదు. ప్లైవుడ్ అయితే తడి తగిలే చోట ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర చూసుకోండి, మామూలు ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 303లో ఎమ్ఆర్ (కొద్దిపాటి తేమను తట్టుకునే) రకం పొడిగా ఉండే గదులకే. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లలో స్క్రూలు, బందులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే పెట్టించండి. చెక్క పేరు, ప్లైవుడ్ గ్రేడు బిల్లు మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.