మా గోడ దిగి వచ్చే పిల్లి ఎవరిదో ఇలా తెలిసింది

రోజూ సాయంత్రం మూడు పిల్లులు వచ్చేవి. ఆకలితో అరుస్తుంటే మనసాగక పెట్టేదాన్ని, కానీ అవి వీధి పిల్లులో, ఎవరైనా పెంచుకుంటూ బయటికి వదిలినవో తెలియక టెన్షన్‌గా ఉండేది. ఎందుకంటే పెంపుడు పిల్లికి కిడ్నీ జబ్బో షుగరో ఉంటే డాక్టర్ చెప్పిన తిండే పెట్టాలి, మనం ప్రేమతో పెట్టింది దానికి హాని చేయొచ్చు.

చూసి తేల్చడం కష్టం. బక్కగా ఉన్నంత మాత్రాన దిక్కులేనిది కాదు, థైరాయిడ్ ఎక్కువైన ముసలి పిల్లులు బాగా తింటూనే చిక్కిపోతాయి. చెవి కొన తిన్నగా కత్తిరించి ఉంటే మాత్రం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలారని గుర్తు. వీటిలో ఒకదానికి అలా ఉంది.

చివరికి పనిచేసింది కాగితం పట్టీ. సన్నటి కాగితం మీద "ఈ పిల్లి మీదేనా? తిండి పెట్టొచ్చా?" అని రాసి, నా నంబరు వేసి, మెడ చుట్టూ రెండు వేళ్లు దూరేంత వదులుగా చుట్టి చివర్లు టేపుతో అతికించాను. దారం, రిబ్బన్ అస్సలు వద్దు, ఏ కొమ్మకో చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుంది, కాగితమైతే చిరిగిపోతుంది. దగ్గరికి రానిచ్చే పిల్లికే ఇది కుదురుతుంది. మొదటి పట్టీ ఎక్కడో ఊడిపోయింది, రెండోది కట్టిన మర్నాడే ఫోన్ వచ్చింది. "దానికి కిడ్నీ సమస్య ఉందండి, దయచేసి ఏమీ పెట్టకండి." ఆ మాట విని గుండె కలుక్కుమంది.

ఇప్పుడు మిగతా రెండింటికే, రోజూ ఒకే వేళకు పెట్టి, తినేదాకా అక్కడే నిలబడి గిన్నెలు తీసేస్తున్నా. పాలు మానేశాను, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు, మంచినీళ్లు పెడుతున్నా. చెవి గుర్తు లేనిదాన్ని వచ్చే వారం వెటర్నరీ డాక్టర్‌కు చూపిస్తాను, చర్మం కింద మైక్రోచిప్ (యజమానిని కనుక్కునే నంబరున్న చిన్న చిప్) ఉందేమో స్కానర్‌తో చూస్తారు.